పిల్లలు రాత్రి పడుకుంటేనే రిజిస్ట్రేషన్

"మా ఊరి అంగన్‌వాడీకి లైసెన్స్ ఉందా?" ఈ ప్రశ్న విసుగొచ్చేదాకా వస్తూనే ఉంది. లేదు, ఉండదు. అడిగేవాళ్లను అని లాభం లేదు. బెళుగుప్ప లాంటి మండలంలో వాన మొహం చాటేసి శెనక్కాయ ఎండిపోతే అమ్మానాన్నలు బెంగళూరు బస్సెక్కుతారు. పిల్లలు అవ్వ దగ్గరో, ఎక్కడో ఆశ్రమంలోనో మిగులుతారు. పిల్లల్ని చూసుకునే ప్రతి చోటికీ సర్కారు ముద్ర ఉంటుందని, ముద్ర ఉంటే ఇక భయం లేదని ఓ నమ్మకం. రెండూ నిజం కావు.

అంగన్‌వాడీ 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకంలో భాగం. దాని మీద కన్ను సూపర్‌వైజర్‌ది, ఆపైన శిశు అభివృద్ధి పథకం అధికారి (సీడీపీఓ)ది. రిజిస్టర్లు, బరువుల పట్టిక, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్. ఇక సందులో వెలిసే ప్లేస్కూల్ సంగతి. జాతీయ బాలల హక్కుల కమిషన్ 20 మందికి ఒక టీచరుండాలని మార్గదర్శకాలైతే ఇచ్చింది గానీ, దేశమంతటికీ వర్తించే లైసెన్స్ చట్టం లేదు.

అసలు పట్టు ఉన్నది పిల్లలు రాత్రిళ్లు కూడా ఉండే చోట. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ఏ సంస్థయినా 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలి. ప్రభుత్వం నడిపే బాలసదనానికీ మినహాయింపు లేదు. రిజిస్టర్ కాకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయడంలో ప్రతి 30 రోజుల జాప్యం వేరే నేరం. ఇంత ఉన్నా, ఇలాంటి సంస్థలపై 2018లో కేంద్రం బయటపెట్టిన జెనా కమిటీ నివేదికలో 9,589 సంస్థల లెక్క తేలితే, 2016 నాటికి ఈ చట్టం కింద రిజిస్టరైనవి 32 శాతమే.

ఎందుకిలా? ఫైలు ముందు కూర్చున్న అధికారి వైపు నుంచి చూడండి. దరఖాస్తు అందిన నెలలోపు తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు అందినట్టున్న రసీదే ఆరు నెలలపాటు సర్టిఫికెట్‌గా చెల్లుతుంది! ఆ ఆరు నెలల్లోనూ తేల్చకపోతే విధి నిర్వహణలో లోపమని అధికారి మీదే శాఖాపరమైన చర్య. మనం భద్రత అనుకునేది ఆయనకు ముందుగా గడువు.

ఈ సర్టిఫికెట్‌ను నేను బస్సు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో, అంటే ఎఫ్‌సీతో పోలుస్తాను. సీట్లెన్నో, బ్రేకు పడుతుందో లేదో ఎఫ్‌సీ చెబుతుంది. ఇక్కడా అంతే: 2016 నమూనా నియమాల ప్రకారం పడకగదిలో ఒక్కో బిడ్డకు 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి. టేపు పట్టుకుంటే తేలిపోతుంది. డ్రైవరు కోపిష్టా, నిద్రమొహమా అన్నది ఎఫ్‌సీకి అంతుపట్టదు. అందుకే మూడు నెలలకోసారి తనిఖీ బృందం వెళ్లాలి, కనీసం ముగ్గురు, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి. వాళ్లు వచ్చే రోజున డ్రైవరు యూనిఫాం ఇస్త్రీ చేసి ఉంటుందనుకోండి.

చిక్కు రద్దు దగ్గర. పిల్లల పునరావాసం చూడని సంస్థ రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వం రద్దు చేయవచ్చు. కానీ మళ్లీ రిజిస్టరయ్యేదాకా ఆ సంస్థను ప్రభుత్వమే నడపాలని అదే 41వ సెక్షన్ అంటుంది. అంటే, పర్మిట్ రద్దు చేసిన ఆర్టీవో అక్కడే స్టీరింగ్ పట్టుకుని కళ్యాణదుర్గం దాకా నడిపించాలి. వంటమనిషి జీతం, రాత్రి కాపలా, పిల్లల బడి, అన్నీ ఆయన నెత్తిన. నోటీసు మీద నోటీసు ఇచ్చి ఊరుకోవడం బద్ధకమే కానక్కర్లేదు. ఆ స్టీరింగ్ అంటే భయం కూడా.

మనవాళ్ల ముచ్చటొకటి. బిడ్డ పుట్టినరోజుకు ఆశ్రమంలో అన్నం పెట్టడానికి వారం, వర్జ్యం చూసుకుంటారు, రాహుకాలం దాటాకే వడ్డిస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం అడగరు. సర్టిఫికెట్ గడువు ఐదేళ్లు, అది దాటిందేమో చూడాలి. ఎందరు పిల్లలను ఉంచుకోవచ్చో కూడా రిజిస్ట్రేషన్‌లో నమోదవుతుంది. వడ్డించేటప్పుడు ఎటూ కంచాలు లెక్కపెడతారు కదా, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు, ఖర్చేమీ కాదు.