సముద్రపు వేడిమి – మన యింటి వాన

సముద్రగర్భమున బడబాగ్ని యున్నదని మన పురాణములు చెప్పుచున్నవి. ఔర్వమహర్షి కోపాగ్ని లోకములను దహింపబోగా పితృదేవతలు వారించి దానిని సముద్రమున విడిపించిరనియు, అది ఆడుగుఱ్ఱపు మోముతో నీటిని త్రాగుచు రగులుచున్నదనియు మా తండ్రిగారి యొద్ద భారతము చదువుకొనునాడు వింటిమి. నీటిలో నిప్పేమని నవ్వితిమి కూడ. ఇప్పుడు వాతావరణ శాస్త్రజ్ఞుల మాటలు చదువునపుడు ఆ నవ్వు తలపునకు వచ్చి సిగ్గగుచున్నది. సముద్రమున మంట లేదు గాని వేడిమి కలదు. అది యెచ్చట కూడినదో, యెచ్చట తఱిగినదో, దానినిబట్టియే మా కపిలేశ్వరపురపు చేలలో వాన కురియుటయు, మానుటయు చాలవఱకు నిర్ణయమగుచున్నది.

పెరటిలో నొక గంగాళము నిండ నీరు పోసి యెండలో నుంచుడు. ప్రక్కనున్న యిసుక మధ్యాహ్నమునకు కాలు మోపనీయదు. దీపముల వేళకు చల్లారిపోవును. గంగాళములోని నీరో, నిదానముగ కాగి, రాత్రి ప్రొద్దుపోవువఱకు గోరువెచ్చగానే యుండును. సముద్రము అట్టి మహాగంగాళము. వెచ్చని నీటిమీది గాలి తేమను గ్రహించి, తేలికపడి పైకెగయును. పైన చల్లబడి మేఘమగును. పైకి పోయిన గాలి మఱెచ్చటనో దిగవలెను గదా! అది దిగినచోట మబ్బు పట్టదు, వాన యుండదు.

మా వారు ఉపాధ్యాయులగుటచే ఇంట నొక భూగోళపు బంతి కలదు. దానిని త్రిప్పి చూచినచో ఒక ప్రక్క నంతయు నీరే కానవచ్చును. అది పసిఫిక్ మహాసముద్రము. అచ్చట భూమధ్యరేఖ పొడవున తూర్పునుండి పడమరకు సదా గాలి వీచుచుండును. పాలగిన్నెలోని మీగడను గరిటెతో నొక ప్రక్కకు త్రోసినట్లు, ఆ గాలి వెచ్చని పైనీటిని ఇండోనేషియా వైపునకు త్రోయును. అందుచే అచ్చటి సముద్రమట్టము అమెరికా తీరపు మట్టముకంటె సుమారు మూరెడు ఎత్తున నుండును. ఈవలి ప్రక్క పెరూ తీరమున ఖాళీయైన తావునకు అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చును. వెచ్చని నీరు మనవైపు చేరియున్నంతకాలము మేఘములు మనవైపే పుట్టును. కొన్ని యేండ్లకొకసారి ఆ గాలి నీరసించును. అప్పుడు మీగడ వెనుకకు జాఱును. మేఘములును దానివెంట తూర్పునకు తరలిపోవును. పైనుండి దిగు పొడిగాలి మనకు మిగులును.

పెరూ జాలరులు క్రిస్మసువేళ తమ తీరమునకు వచ్చు వెచ్చని నీటికి బాలయేసు పేర ఎల్ నినో, అనగా పిల్లవాడు, అని పేరిడిరి. దీనికి ఎదురుస్థితికి శాస్త్రజ్ఞులు లా నినా, అనగా ఆడుబిడ్డ, అని పేరు పెట్టిరి. పిల్లవాడు వచ్చినయేట మనకు కఱవు భయము, ఆడుబిడ్డ వచ్చినయేట వాన సమృద్ధి. ఇంట ఆడుబిడ్డ పుట్టగానే మోము ముడుచుకొను పెద్దల కీమాట చెవిని వేయదగును.

ఈ రహస్యమును వెదకినవారిలో మన దేశపు వాతావరణశాఖకు అధిపతియైన గిల్బర్టు వాకరు ముఖ్యుడు. ఈయన గణితశాస్త్రవేత్త; 1913లో రామానుజన్‌కు సహాయము చేయుడని మద్రాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసినవాడు నీతడే. 1904 మొదలు ఇరువది యేండ్లు ఆ పదవిలోనుండి దేశదేశముల వాయుభారపు లెక్కలను పోల్చిచూచెను. పసిఫిక్కున భారము హెచ్చినపుడు హిందూమహాసముద్రమున తగ్గుచున్నదనియు, అచ్చట తగ్గినపుడు ఇచ్చట హెచ్చుచున్నదనియు కనిపెట్టెను. తూగుటుయ్యెలవంటి యీ వరుసకు 1924లో దక్షిణ డోలనమని పేరిడెను. ఆ ఉయ్యెల నూపునది సముద్రపు వేడిమియని ఆయనకు తెలియలేదు. 1969లో బ్యెర్క్‌నెస్ అను పండితుడు ఆ రెంటిని ముడివేసెను.

ఆ ముడి తెలిసినపిమ్మట పాత కఱవులు క్రొత్తగా కానవచ్చినవి. 1876-78 నాటి ధాత కఱవు పేరు మన ముత్తవ్వల నోట నిలిచియుండెను. లక్షలకొలది ప్రాణములు పోయిన ఆ కాలముననే, 1877లో, మిక్కిలి ప్రబలమైన ఎల్ నినో వచ్చినది. బళ్లారి, కర్నూలు, కడప మండలములు మాడిపోగా గోదావరి మండలము నిలువగలిగినది. 1852 నాటికి కాటనుదొర ధవళేశ్వరమున ఆనకట్ట ముగించియుండుటయే కారణము.

కాలువలున్నవిగదా, మాకేమి భయమని కోనసీమవారము ధీమాగ నుందుము. ఆ ధీమాకు హద్దు కలదు. మా ఊరి ప్రక్కన పాఱు గౌతమి త్ర్యంబకమున పుట్టిన నీరు. ఎగువ దేశమున వాన లేనిచో మా లాకులు తెఱచి ప్రయోజనమేమి? వానలు తగ్గినయేట దాళ్వా పంటకు సీలేరు నీటికొఱకు ఎదురుచూచుటయు, వంతులవారీగ నీరు పెట్టుకొనుటయు రైతుల యిండ్లవారందఱు నెఱిగినదే. ఇక కందులు మన మాగాణిలో పండునవి కావు. వానను నమ్మిన మెట్టభూములలో పండును. 2014, 2015 సంవత్సరములలో వరుసగా వానలు తప్పగా, 2015 అక్టోబరునాటికి కొన్ని పట్టణములలో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరెను. పసిఫిక్కు వార్త మన వంటయింటికి పప్పుడబ్బా దారిని వచ్చుననుట కంతకంటె నిదర్శన మేమి వలయును?

2023 జూనులో ఎల్ నినో మొదలయినదని వినగానే మేము ఇరువది కిలోల పప్పు అదనముగ కొంటిమి. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదను సామెతను నమ్మిన మా అత్తగారు కార్తె రాకుండనే కఱవును పిలుచుచున్నావని గొణిగిరి. ఆ ఆగస్టు మన దేశమున 1901 తరువాత మిక్కిలి వానలేని ఆగస్టయినది. నూటికి 36 వంతులు లోటు. పప్పు ధరయు పెరిగెను. కాని మేము ఎండబెట్టుటలో అశ్రద్ధ చేసితిమి. కొంత పప్పునకు పురుగు పట్టినది. అత్తగారు చేటలో దానిని చెఱుగుచు ఏమియు ననలేదు, అనినను బాగుండెడిది.

ఎల్ నినో వచ్చినయేడెల్ల కఱవు తప్పదని తలపరాదు. 1972, 1987, 2002, 2009 సంవత్సరములలో ఆ పొంతన కుదిరినది. 1997లో మహా ప్రబలమైన ఎల్ నినో వచ్చియు మన వానలు సగటునకు తగ్గలేదు. హిందూమహాసముద్రమున ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడి, సుమత్రా వైపు చల్లబడుటచే అది మనకు మేలు చేసెను. ఈ రెండవ ఉయ్యెలను 1999లో జపానున పనిచేయుచుండిన మన దేశీయుడు సాజియు, యమగతా మొదలగువారును లోకమునకు తెలిపిరి. ఆడుబిడ్డ కరుణయు మితిమీరవచ్చును. 2020 మొదలు వరుసగా లా నినా నడచిన కాలమున, 2022 జూలైలో, ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి లంకలు మునిగినవి. ఒక్క వరదకు ఒక్కటే కారణమనుట తగదుగాని, వానకాలము నడుమనే అంత నీరు చూచి ఊరివారందఱు నివ్వెఱపోయిరి.

మాకు బంగాళాఖాతము మఱింత దగ్గఱ. గాలివాన బలియుటకు నీరు 26 డిగ్రీలకు మించి వెచ్చగ నుండవలెను. ఆశ్వయుజ కార్తికములలో మన సముద్రము 28 డిగ్రీలకు పైబడియే యుండును. గంగ, గోదావరి మొదలగు నదుల తీపినీరు తేలికయై ఉప్పునీటిపై పొరగా నిలుచుటచే అడుగునున్న చల్లని నీరు పైకి కలియదు. వేడిమి పైననే నిలుచును. లా నినా యేండ్లలో ఈ గాలివానలు మఱింత తీవ్రములగునని పరిశోధకులు చూచిరి. 1999 అక్టోబరు 29న ఒరిస్సాను ముంచినది అట్టిది. కాని 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన లా నినా లేనియేటనే వచ్చినది.

1996 నవంబరు 6 నాటికి మేము చిన్నపిల్లలము. దీపావళి నాలుగునాళ్లలో ననగా ఆ రాత్రి గాలి వచ్చినది. తలుపునకు రోకలి అడ్డముగ పెట్టి పెద్దలందఱు వీపులు ఆన్చి కూర్చుండిరి. తెల్లవాఱి చూడగా తోటలో ఆకాశము కానవచ్చినది. అంతకుముందెన్నడు నచ్చట ఆకాశము కనబడలేదు. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. వేయిమందికి పైగా చనిపోయిరి. బైరవపాలెము, బలుసుతిప్ప జాలరులు వేటకు పోయి సముద్రముమీదనే ఉండిపోయిరి. వారికి వార్త నందించు దారి లేకపోయెను.

తరువాత హైదరాబాదున సముద్ర సమాచార కేంద్రమొకటి 1999లో ఏర్పడినది. ఆకాశమునుండి ఉపగ్రహములు నీటి వేడిమిని కొలుచుచున్నవి. కడలిలో వదలిన కొలతగొట్టములు రెండువేల మీటర్ల లోతునకు మునిగి, పదేసి దినములకొకసారి పైకి తేలి లెక్క చెప్పుచున్నవి. ఏ తావున చేప యుండునో జాలరులకు ఆ కేంద్రమువారు తెలుపునదియు ఈ వేడిమి లెక్కను చూచియే. మా వీధికి చేపలు తెచ్చు ఆమె ఒకనాడు, తన పెనిమిటి చేతిఫోనులో సముద్రము కాక చూచుకొని పడవ తీసెనని మాతో ననెను. బడబాగ్ని కథ ఆమెకు మేము చెప్పితిమి. ఆమె నవ్వలేదు.