పులి, మేక, గడ్డిమోపు

ముక్తేశ్వరం రేవున ఒకడు పులితో, మేకతో, గడ్డిమోపుతో నిలిచియున్నాడనుకొందము. గౌతమిని దాటి కోటిపల్లి చేరవలెను. పడవలో తనతోపాటు ఒక్కదానికే చోటు. అతడు లేనిచోట పులి మేకను, మేక గడ్డిని తినును. ఈ చిక్కుప్రశ్న మన పిల్లలకు క్రొత్త కాదు. కంప్యూటరుకు దానిని ఏ రూపమున చెప్పవలె ననునదే ప్రశ్న.

గోదావరి వెడల్పు, పడవ రంగు దానికి అక్కరలేదు. మనిషి, పులి, మేక, గడ్డి: ఈ యొడ్డున నున్నచో సున్న, ఆవలి యొడ్డున నున్నచో ఒకటి. అట్టి స్థితులు మొత్తము 16. ముప్పు గలవి 6, వానిని కొట్టివేయవలెను. మిగిలిన 10 స్థితులలో దారి వెదకినచో 7 దాటులలో పని ముగియును. నడుమ మేకను వెనుకకు తెచ్చుటలోనే కిటుకున్నది. ఇంత క్లుప్తముగా వ్రాసినవానిదే, నా యుద్దేశమున, సగము తెలివి.

ఇంతలో కొంటె కుర్రవాడొకడు లేచి, "ఎదుర్లంక వంతెన మీదుగా పోరాదా మాష్టారూ?" అనును. నది దాటు మరియొక కథను తీసికొని జాన్ మెకార్తీ 1980లో ఈ వంతెన ప్రశ్ననే చర్చించినాడు. కథలో చెప్పని వంతెన లేదనియు, పడవకు చిల్లు లేదనియు మనము ఊరకయే గ్రహింతుము. యంత్రమునకట్లు కాదు. చెప్పినవి తప్ప వేరు లేవని తలచుట, వేరొకటి తెలియవచ్చినప్పుడు ఆ తలంపును విడుచుట: ఈ రెంటిని తర్కనియమముగా వ్రాయుటకు ఆయన పూనుకొన్నాడు.

ఆ కుర్రవానిని కూర్చుండబెట్టక, వంతెనను కూడ నల్లబల్లపై వ్రాయుడు. స్థితులు 16 అట్లే యుండును, దాటు ఒక్కటే.