తడిసిన ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కట్లేదా? నీళ్ల కంటే ఉప్పుతోనే డేంజర్!

వాన వెలిసింది. బట్టలు ఆరాయి. ఫోన్ కూడా ఆరినట్టే ఉంది. స్క్రీన్ వెలుగుతోంది, వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి. రాత్రి ఛార్జర్ పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ చూస్తే 18 శాతం. పొద్దున్నే ఒంగోల్లో పరీక్ష, హాల్‌టికెట్ ఫోన్‌లోనే ఉంది, బస్సు దిగాక ఆటోకి ఇవ్వడానికి ఫోన్‌పే తప్ప చేతిలో చిల్లర లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కేబుల్ తీసి, ఊది, ఇంకాస్త గట్టిగా నొక్కి మళ్లీ పెడతారు. చాలా ఫోన్లు పోయేది తడిసినప్పుడు కాదు, సరిగ్గా ఇక్కడే.

ఎందుకో చూద్దాం. స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు దాదాపు పారదు. నీళ్లలో కరిగిన లవణాలే దాన్ని పారనిస్తాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పశ్చిమ ప్రకాశం అంటేనే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఫోన్ వరకూ వస్తే ఒక్క ఫ్లోరైడ్ అనే కాదు, ఆ నీళ్లలో ఉన్న మొత్తం ఉప్పే సమస్య. స్నానాల గదిలో బకెట్‌కి తెల్లగా పట్టే పొర చూశారు కదా, అదే మీ ఛార్జింగ్ పోర్టులోనూ పడుతుంది. అందుకే వానలో తడిసిన ఫోన్ కంటే బోరు తొట్టిలో పడిన ఫోన్‌కి గండం ఎక్కువ. చెమట కూడా తక్కువదేం కాదు. పొలంలో మందు కొట్టేటప్పుడు చొక్కా జేబులో కారిన ద్రావణమైతే ఇంకా ఘోరం.

టైప్-సి పోర్టులో 24 చిన్న కాంటాక్టులు ఉంటాయి. వాటి మధ్య ఎడం అర మిల్లీమీటరే. అక్కడ ఉప్పు నీటి చుక్క ఉండగా ఛార్జర్ పెడితే కరెంటు లోహాన్ని కరిగించి తినేస్తుంది. రాగి పాత్రకి పట్టే పచ్చని చిలుము తెలుసుగా, అలాంటిదే. పాత్రకి పట్టడానికి రోజులు పడుతుంది, కరెంటు తోడైతే గంటల్లోనే పని అయిపోతుంది.

కాబట్టి స్క్రీన్ మీద నీటి చుక్క గుర్తో, 'తేమ ఉంది' అన్న మెసేజో వస్తే అది రిపేరు కాదు. ఫోన్ తనని తాను కాపాడుకుంటోంది. కాంటాక్టుల మధ్య తేమ ఉందని పసిగట్టి ఛార్జింగ్ ఆపేస్తోంది. ఈ ఏర్పాటు లేని చవక ఫోన్లలో ఆ ఆపే పని మనమే చేయాలి.

ముందు ఫోన్ స్విచాఫ్ చేయండి. సిమ్ ట్రే, పౌచ్ తీసేయండి. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత ఫ్యాన్ గాలికి, నీడలో పెట్టేయండి. పోర్టు ఒక్కటే తడిస్తే అరగంట, గంట సరిపోవచ్చు. లోపలికి పోయిందనుకుంటే ఒక రోజంతా ఆగాలి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, పిన్నీసు, దూది పుల్ల అసలే వద్దు. ఇక బియ్యం డబ్బా! బియ్యం నీళ్లని లాగేస్తాయన్నది ఉత్త నమ్మకం. పైగా ఆ తవుడు, నూక పోర్టులో ఇరుక్కుంటాయి. యాపిల్ కంపెనీ కూడా తన సపోర్టు పేజీలో ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. బియ్యం అన్నానికే ఉంచండి.

ఐపీ67, ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్ మీద కూల్‌డ్రింకో, ఉప్పు నీళ్లో పడితే పైపైన మంచినీళ్లతో కడగొచ్చు. కొళాయిలో బోరు నీళ్లు వచ్చే ఇల్లయితే క్యాన్ నీళ్లు వాడండి. రేటింగ్ లేని ఫోన్‌ని మాత్రం కడగొద్దు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు తట్టుకోవాలని ల్యాబ్ పరీక్ష. రెండుసార్లు కిందపడి, ఓసారి స్క్రీన్ మార్చిన ఫోన్‌కి ఆ మాట వర్తించదు. కంపెనీలు కూడా మామూలు వారంటీలో నీళ్ల డ్యామేజీని ఒప్పుకోవు.

బాగా ఆరాకా ఎక్కకపోతే అప్పుడు వెతకాలి. మొదట ఇంకో కేబుల్, ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి. తడిసింది అవి కూడా కావచ్చు. టార్చ్ వేసి పోర్టులోకి చూడండి. పచ్చగానో, నల్లగానో కనిపిస్తే షాపుకే. టైప్-సి కేబుల్‌ని ఒకవైపు పెడితే ఎక్కి, తిప్పి పెడితే ఎక్కకపోతే ఒక వరస కాంటాక్టులు పోయినట్టు అనుకోవచ్చు. ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫాస్ట్ ఛార్జింగ్ పోయిందా? ఛార్జరూ ఫోనూ మాట్లాడుకునే పిన్నులకి చిలుము పట్టి ఉంటుంది. పోర్టు దగ్గర వేడెక్కినా, వెనక మూత ఉబ్బినా వెంటనే పీకేయండి. అప్పుడు ప్రయోగాలు వద్దు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోనైతే వెనక తుడిచి, ఆరాక దాని మీద పెట్టి ఆ పూట గడిపేయొచ్చు.

షాపులో ఏం అడగాలో తెలిస్తే సగం డబ్బు మిగిలినట్టే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఛార్జింగ్ జాక్ మెయిన్ బోర్డు మీద ఉండదు, కింద విడిగా చిన్న సబ్ బోర్డు మీద ఉంటుంది. అది మార్చడం తేలిక. మెయిన్ బోర్డు మీదున్న ఛార్జింగ్ ఐసీ పోతే పని పెద్దది. రెండిటికీ రేటు విడివిడిగా అడగండి. విప్పగానే బ్యాటరీ కనెక్టర్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే పార్టు మార్చే మెకానిక్ దొరికితే వదులుకోకండి. కడక్కుండా కొత్త జాక్ వేస్తే వారం తిరిగేలోపు మళ్లీ చిలుమే. ఛార్జింగ్ రిపేరుకి ఫోన్ రీసెట్ చేయాల్సిన పని లేదు. సిమ్, మెమరీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఒంగోలుకో నంద్యాలకో పోయి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చారనుకోండి, మెయిన్ బోర్డు మార్చాలి అనొచ్చు. మీ ఫొటోలు ఉండేది ఆ బోర్డు మీదే. వాటి తాళం కూడా అందులోని చిప్‌లోనే ఉంటుంది. బోర్డు మారితే చెల్లెలి పెళ్లి ఫొటోలు, నాయనమ్మ వాయిస్ మెసేజ్‌లు, బ్యాకప్ లేకపోతే అన్నీ పోయినట్టే. కాబట్టి ఇచ్చేటప్పుడే చెప్పండి: "అన్నా, ఫోన్ బాగవకపోయినా ఫర్వాలేదు, ముందు డేటా తీయాలి." అలాంటప్పుడు బోర్డు మారుస్తామనే సర్వీస్ సెంటర్ కంటే, మైక్రోస్కోప్ కింద ఐసీ స్థాయిలో పనిచేసే మెకానికే మేలు. ఎలాగోలా పాత బోర్డు ఒక్కసారి ఆన్ అయితే చాలు.

పార్టుల సంగతి, వారంటీ నిబంధనలు కంపెనీ సరిగ్గా చెప్పకపోతే కేంద్రం 2022 డిసెంబర్‌లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఫోన్ లేచిందా? సంతోషం. ఛార్జింగ్ పెట్టగానే చేయాల్సిన మొదటి పని రీల్స్ కాదు, బ్యాకప్. లోపల మిగిలిన ఉప్పు రెండు మూడు వారాల తర్వాత కూడా పని మొదలుపెట్టగలదు. స్పీకర్ బొంగురు పోయినా, అవతలివాళ్లకి మీ మాట వినపడకపోయినా ఓసారి విప్పించి కడిగించండి.