జేన్ ఆస్టిన్ పండుగకు మా అమ్మ పొందూరు చీర

పెళ్లికి ఏ చీర కట్టాలో, పేరంటానికి ఏ గాజులు వేసుకోవాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ "అమ్మా, రెండొందల ఏళ్ల కిందటి దొరసానిలా తయారవ్వాలి నువ్వు. వచ్చేటప్పుడు గుడ్డ తెచ్చుకో" అని కూతురు ఫోన్‌లో అంటే మీరేం చేస్తారు? నేనైతే ఆ మాట వింటూ స్టవ్ మీద పాలు పొంగబెట్టేశాను!

మా అమ్మాయి ఇంగ్లండులో బ్రిస్టల్‌లో చదువుకుంటోంది. 2025 సెప్టెంబరులో నేను దాన్ని చూడటానికి వెళ్లాను. అక్కడికి రైల్లో పావుగంట దూరంలో బాత్ అనే ఊరుంది. ఏటా సెప్టెంబరులో ఆ ఊళ్లో జేన్ ఆస్టిన్ అనే రచయిత్రి పేరు మీద పది రోజుల పండుగ జరుగుతుంది. దానికి తల్లీకూతుళ్లం ఎలా తయారయ్యామో, ఆ తయారవడంలో ఒక చీర దగ్గర ఎంత గొడవ పడ్డామో మీతో చెప్పాలని కూర్చున్నాను.

ఎవరీ ఆస్టిన్?

ఇంటర్‌లో ఇంగ్లీషు పాఠం అంటేనే భయపడినదాన్ని. ఆస్టిన్ నవలలు మా అమ్మాయి కథలా చెబితే విన్నవే. పెళ్లికెదిగిన ఆడపిల్లలు, కట్నకానుకల లెక్కలు, సంబంధాల కోసం తల్లుల తాపత్రయం, చుట్టాల ఎత్తిపొడుపులు... "ఇందులో ఇంగ్లీషువాళ్ల కథ ఏముందే? ఇది మన వీధి కథే!" అన్నాను.

ఆవిడ 1775లో పుట్టి 1817లో 41 ఏళ్లకే పోయింది. పెళ్లి చేసుకోలేదు. 1801 నుంచి 1806 దాకా బాత్‌లో ఉంది. 1811 నుంచి 1820 వరకు అక్కడ రాజుగారికి మతి స్థిమితం లేక, ఆయన కొడుకు రాజప్రతినిధిగా పాలించాడు. ఆ కాలాన్నే రీజెన్సీ అంటారు. ఆస్టిన్ పెద్ద నవలలు ఆరూ అచ్చయింది ఆ రోజుల్లోనే. 2001లో మొదలైన ఈ పండుగలో అందరూ ఎదురుచూసేది ఊరేగింపు కోసం. వందల మంది ఆ కాలపు బట్టలు వేసుకుని బాత్ వీధుల్లో నడుస్తారు. 2009లో 409 మంది ఒకేచోట అలా చేరి గిన్నిస్ రికార్డు కూడా కొట్టారట! 2025లో ఆవిడ పుట్టి 250 ఏళ్లు కావడంతో సందడి మరీ ఎక్కువ.

"మనకెందుకు ఆ వేషం?"

విషయం చెప్పగానే మావారు పేపర్ పక్కన పెట్టి, "మనల్ని ఏలినవాళ్ల వేషం వేసుకుని వాళ్ల ఊళ్లో తిరుగుతావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే కదా! సమాధానం తోచలేదు.

అదే మాట అమ్మాయిని అడిగాను. అది చెప్పింది వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. ఆ కాలపు దొరసానులు మోజుపడి వేసుకున్న తెల్లటి పల్చటి గౌన్ల గుడ్డ పేరు మస్లిన్. అందులో మేలు రకం మన దేశం నుంచే వెళ్లేది. ఢాకా మస్లిన్ అంటే పడి చచ్చేవారు. బాత్‌లో జరిగే 'నార్తాంగర్ ఆబీ' నవలలో ఒక పెద్దమనిషి చెల్లెలి కోసం అసలైన ఇండియా మస్లిన్‌ని గజం 5 షిల్లింగులకే బేరమాడి తెచ్చానని గొప్పలు చెప్పుకుంటాడు! 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో ఒకావిడ ఇండియా వైపు వెళ్లే కుర్రాడు తనకి శాలువా తేవాలని ఆశపడుతుంది. అంతెందుకు, ఆస్టిన్ సొంత మేనత్త ఫిలడెల్ఫియా 1752లో ఓడెక్కి మన దేశానికొచ్చి, మరుసటి ఏడాది కడలూరులో కంపెనీ డాక్టర్ని పెళ్లాడింది.

మరి ఆ తర్వాత? అదే కాలంలో లాంకషైర్ మిల్లుల్లో యంత్రాల మీద చవకగా గుడ్డ తయారవడం మొదలైంది. 1813లో మన దేశంతో వ్యాపారానికి కంపెనీ ఒక్కదానికే ఉన్న హక్కు పోయి, తక్కిన వర్తకులకీ దారి దొరికింది. మన దగ్గర్నుంచి గుడ్డ వెళ్లే రోజులు పోయి, వాళ్ల మిల్లు గుడ్డ మన సంతల్లోకి వచ్చిపడింది. మన నేతగాళ్ల మగ్గాలు మూలబడ్డాయి.

అంతా విని "అయితే వస్తాను. కానీ గుడ్డ మాత్రం మన మగ్గానిదే అయ్యుండాలి" అన్నాను. ఈసారి మావారు కూడా తల ఊపారు.

కత్తెర ఆగిపోయింది

అక్కడే వచ్చింది పేచీ. "అమ్మమ్మ పొందూరు చీర ఉందిగా! తెల్లగా, పల్చగా అచ్చం మస్లిన్‌లాగే ఉంటుంది. అది తెచ్చెయ్" అంది అమ్మాయి.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు గురించి మీకు చెప్పాలా? వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేత్తో సన్నటి నూలు వడికి నేస్తారు. మా అమ్మ ఆ చీరని చాకలికి కూడా వేసేది కాదు, తనే ఉతుక్కునేది. అమ్మ పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ అది నా ట్రంకు పెట్టె అడుగునే ఉంది. కాదనలేక పట్టుకెళ్లాను. ఎందుకైనా మంచిదని సన్న అంచున్న మీగడ రంగు మంగళగిరి నూలు చీర కూడా పెట్టుకున్నాను.

బ్రిస్టల్‌లో రాత్రి భోజనాలయ్యాక నేల మీద దుప్పటి పరిచి పొందూరు చీర విప్పాం. అమ్మాయి సుద్దముక్కతో గీత గీసింది. కత్తెర నా చేతిలో పెట్టింది. నాకు చెయ్యి ఆడలేదు. "నా వల్ల కాదే" అన్నాను.

"పెట్టెలో దాచి ఏం చేస్తావమ్మా? ఇదిగో చూడు!" అని చీర ఎత్తి లైటుకి పట్టింది. మధ్య మడత పొడుగునా గుడ్డ నలిగి, రెండుచోట్ల చిరుగు పట్టింది. ఆరేళ్లు ఒకే మడతలో ఉంచేశాను కదా! దాచిపెట్టి కాపాడుతున్నాననుకున్నాను. పాడు చేసింది నేనే. ఏడుపొచ్చేసింది. అమ్మాయి కత్తెర తీసి పక్కన పెట్టి, "సరేలే అమ్మా, కొయ్యొద్దు" అంది.

చివరికి మంగళగిరి చీర గౌనయింది. పొందూరు చీర శాలువా అయింది. చిరుగుల వెనక పల్చటి గుడ్డ వేసి సన్నగా రఫ్ చేశాను. చీరని పొడుగులో సగానికి, వెడల్పులో సగానికి మడిస్తే ఇంచుమించు రెండుముప్పావు మీటర్ల పొడుగు శాలువా వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పొడుగాటి శాలువాలే ఫ్యాషనట!

చీరతో గౌను కుట్టడం ఇలా

స్కూలు నాటకానికో, ఫ్యాన్సీ డ్రెస్ పోటీకో మీకూ పనికొస్తుంది. రాసి పెట్టుకోండి.

* ముందు చీరని నీళ్లలో జాడించి గంజి వదిలించండి. గుడ్డ కుదించుకుపోయేది ఉంటే అప్పుడే కుదించుకుపోతుంది. తర్వాత గంజి పెట్టకూడదు. గౌను బిరుసుగా నిలబడకుండా మెత్తగా జారాలి.

* ఈ గౌనుకి నడుము మన నడుము దగ్గర ఉండదు, ఛాతీ కిందనే ఉంటుంది. చీర పన్నా సుమారు 46 అంగుళాలు. ఛాతీ కింది నుంచి చీలమండ దాకా కొలిస్తే అయిదడుగుల మనిషికి 40 అంగుళాల పైచిలుకు. అంటే చీరని అడ్డంగా తిప్పితే అంచు సరిగ్గా గౌను అడుక్కి వస్తుంది!

* పాదాల దగ్గర చుట్టుకొలతకి రెండున్నర మీటర్లు చాలు. కుచ్చిళ్లు ఎక్కువగా వెనకవైపుకి తోసి, ముందు కాస్త సాదాగా ఉంచండి.

* పైభాగం మన జాకెట్టులాగే కత్తిరించండి. డాట్లు వద్దు. మెడకీ, ఛాతీ కిందా బొందు దూర్చి లాగితే ముడతలు అందంగా వస్తాయి. లోపల పాత పంచె గుడ్డ లైనింగ్ వేయండి.

* పగటి గౌనుకి సాధారణంగా పొడుగు చేతులు. రాత్రి డాన్సులకి పొట్టి బుట్ట చేతులు.

* మన లంగా నడుం దగ్గర కడితే గౌను వాలు చెడిపోతుంది. లంగాకి భుజాల పట్టీలు కుట్టి ఛాతీ కింద నుంచి వేలాడేలా చేసుకోండి.

* మిగిలిన అంచు ముక్కతో బొందు సంచి కుట్టండి. అంతకు ముందు దొరసానులు గౌను లోపల జేబులు కట్టుకునేవారట. గౌన్లు పల్చబడ్డాక జేబులు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయని ఈ చేతిసంచులు వచ్చాయి.

* టోపీకి మామూలు గడ్డి టోపీ చాలు. వెనక అంచు కత్తిరించి, పైనుంచి వెడల్పాటి రిబ్బను వేసి గడ్డం కింద ముడేయాలి. ముందు రోజు రాత్రి ముందరి వెంట్రుకలకి గుడ్డ పేలికలు చుట్టుకుని పడుకుంటే ఉంగరాలు తిరుగుతాయి. వెనక మామూలు ముడే.

కుట్టడానికి మాకు వారం పట్టింది. మరో మాట. ఊరేగింపు చూడటానికి ఎవరైనా రావచ్చు గానీ, అందులో నడవాలంటే ముందే టిక్కెట్టు కొనుక్కోవాలి. మా అమ్మాయి నెలల ముందే కొనేసింది. బాత్ ఎగుడుదిగుడు ఊరు, రాతి వీధులు. ఎత్తు మడమల చెప్పుల జోలికి పోకండి. ఆ కాలంలో ఆడవాళ్లు వేసుకున్నవీ చదును చెప్పులే.

బొట్టు తీయలేదు

ఊరేగింపు రోజు పొద్దున అద్దం ముందు నిలబడి, "బొట్టు తీసెయ్యనా?" అని అడిగాను. "నిన్నెవరు తీయమన్నారు?" అంది అమ్మాయి. నల్లపూసలూ తీయలేదు. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్త మనిషి కనిపించింది గానీ, పరాయి మనిషి మాత్రం కాదు.

రైల్లో సిగ్గుతో తల ఎత్తలేదు. బాత్ స్టేషన్లో దిగేసరికి చూడాలి! తేనెరంగు రాతి మేడల మధ్య ఎటు చూసినా టోపీలు, గొడుగులు, తోక కోట్లు. ఎర్రకోటు సిపాయి వేషగాడొకడు ఫోన్‌లో సెల్ఫీ దిగుతున్నాడు. నన్ను వింతగా చూసినవాళ్లే లేరు.

నడక మధ్యలో ఒక ముసలావిడ నా పక్కకొచ్చింది. తన గౌను మొత్తం చేత్తోనే కుట్టుకుందట, నాలుగు నెలలు పట్టిందట. ఆవిడ కళ్లు మాత్రం నా శాలువా మీదే ఉన్నాయి. ముట్టుకోవచ్చా అని అడిగి, వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "మిషన్ నూలు కాదు కదా?" అంది. నా ఇంగ్లీషు నాకు తెలుసు కదా! అయినా ఆ రోజు భయపడలేదు. "మా అమ్మది. పొందూరు. చేతి నూలు" అన్నాను. "పాండూరూ" అని పలికి, మళ్లీ చెప్పించుకుని, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. చేప దవడ సంగతి అమ్మాయి చెబితే నోరు తెరిచేసింది. వెళ్తూ వెళ్తూ నా రఫ్ కుట్టు చూసి, "బాగా కుట్టారు" అంది. కుట్టు తెలిసినావిడ మెచ్చుకుంటే ఆ సంతోషమే వేరు!

మావారు అడిగిన ప్రశ్నకి పూర్తి సమాధానం నాకిప్పటికీ దొరకలేదు. మగ్గాలు మూలబడ్డ సంగతి ఆ ఊరేగింపులో ఎవరూ చెప్పుకోరు. నా భుజం మీద పొందూరు గుడ్డ ఉంది కాబట్టి ఒక్కావిడకైనా ఆ పేరు తెలిసింది. అంతవరకూ నాకు తృప్తే.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని ట్రంకు పెట్టె తెరవడం. మీరూ ఈ ఆదివారం ఆ పని చేయండి. పాత నూలు చీరలుంటే గంజి లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి, తెల్లటి పాత గుడ్డలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి విప్పి మడత మార్చండి. కలరా ఉండలు చీరకి తగలకుండా చిన్న మూటకట్టి మూల పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదికి ఒక్కసారైనా కట్టుకోండి.

మా అమ్మ చీర ఈ సంక్రాంతికి కట్టుకున్నాను. రఫ్ చేసినచోటు కుచ్చిళ్లలోకి పోయింది, కనిపించనే లేదు.