క్రిస్మస్ రాత్రి ఏడాది లెక్క

సెమ్ ఎగ్జామ్స్ అయిపోగానే నేను బోధన్ వెళ్తాను. అక్కా బావా అక్కడే ఉంటారు, పాపకి ఇప్పుడు రెండేళ్లు. క్రిస్మస్‌కి ఇంటి మీద స్టార్ కట్టడం, మురుకులు తినడం, క్యారల్స్ వాళ్లొస్తే చాయ్ అందించడం నా డ్యూటీలు. ఇంకో డ్యూటీ కూడా ఉంది, ఈ వ్యాసం దాని గురించే.

క్రిస్టియన్ ఇళ్లు తెలియని ఫ్రెండ్స్ కోసం ముందు కొంచెం చెప్తాను. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాచ్ నైట్ సర్వీస్ ఉంటుంది. కొందరు లేచి "సాక్ష్యం" చెప్తారు. అంటే ఈ ఏడాది మా ఇంట్లో ఏం జరిగింది, దేనికి థ్యాంక్స్ చెప్పుకోవాలి అని. పన్నెండు దాటాక కొత్త ఏడాదికి వాగ్దాన వచనం కార్డు తీసుకుంటారు. ఆ సాక్ష్యం కోసం అక్క క్రిస్మస్ రాత్రి ఒక నోట్‌బుక్ ముందేసుకుని ఏడాది మొత్తం రాస్తుంది. టైపింగ్, కూడికలు నావి.

ఈసారి మొదలుపెట్టగానే బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "గీ ఏడు ఏం బాగలేదు బామ్మర్దీ. వడ్లు తడిసినయ్, పైసలు లేటైనయ్. జనవరిల దుబాయ్ పోతా. ఏజెంటుతోని మాట్లాడిన." అక్క ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో జనవరి అని రాసి కింద గీత గీసింది.

బావ అబద్ధం చెప్పలేదు. కానీ మన జ్ఞాపకం పనిచేసే తీరే అలా ఉంటుంది. 1993లో డేనియల్ కాహ్నమన్, ఆయన తోటి సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే నిమిషం, దాని తర్వాత మరో 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో నీళ్లు మెల్లగా ఒక డిగ్రీ వేడెక్కుతాయి. మళ్లీ ఒకటి చేయాలంటే ఏది చేస్తారని అడిగితే, ఎక్కువ మంది ఆ పొడుగుదే ఎంచుకున్నారు. మొత్తం నొప్పి ఎక్కువైనా చివర కాస్త తగ్గింది కాబట్టి! అంటే ఒక అనుభవంలో మనకి బాగా గుర్తుండేవి రెండే: అన్నిటికన్నా గట్టిగా తగిలిన క్షణం, చివరి క్షణం. బావకి నవంబర్‌లో తడిసిన వడ్లు ఈ రెండూ అయ్యాయి.

దీనికి తోడు మా బోధన్‌లో ఏడాది డిసెంబర్‌తో అయిపోదు. చెరుకు పది పన్నెండు నెలల పంట. క్రషింగ్ సీజన్ చలికాలంలో మొదలై ఎండాకాలం దాకా నడుస్తుంది. నరికిన చెరుకులో చక్కెర గంటగంటకీ తగ్గిపోతుంది, అందుకే ఫ్యాక్టరీ పొలాలకి దగ్గర్లో ఉండాలి. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వచ్చింది. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పుడు చుట్టూ ఎక్కువగా వరి, సోయా, పసుపు. పంటలు మారినా పాత అలవాటు పోలేదు. పైసలు చేతికొచ్చే నెలే ఏడాది అంతటికీ మార్కులు వేస్తుంది.

అందుకే అక్క పద్ధతి నాకు నచ్చింది. గుర్తున్నది రాయదు, దొరికింది రాస్తుంది. ఫోన్‌లో ఫోటోలు నెలల వారీగా, బ్యాంకు మెసేజ్‌లు, యూపీఐ హిస్టరీ, పాప టీకాల కార్డు, పాలకేంద్రం చీటీలు. సీఎస్ వాళ్లకి చెప్పాలంటే, మెమరీని నమ్మకుండా లాగ్స్ చూడటం.

చూస్తూ పోతే ఏడాది రంగు మారింది. నిజంగా కష్టమైన నెల నవంబర్ కాదు, జూన్. విత్తనాలు, ఎరువులు, పాప జ్వరం అన్నీ ఒకేసారి. దాన్ని అందరం మర్చిపోయాం. ఆగస్టులో రెండో బర్రె కొన్నారు. చీటీలు కూడితే దాణా పోను, ఇంటి ఖర్చు పోను నెలకి నాలుగు వేలు మిగులుతున్నాయి. రోజూ కొంచెం కొంచెం వచ్చేది ఎవరికీ గుర్తుండదు, బావ కూడా ఆశ్చర్యపోయాడు.

తర్వాత అక్క నా వైపు తిరిగి, "తమ్మీ, దుబాయ్ లెక్క గూడ వెయ్యి" అంది. ఏజెంటు అడిగింది 1,20,000. అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి చిన్నగా ఉంటుంది కానీ అది నెలకి, ఏడాదికి 24 శాతం. జీతం 26 వేలు, అక్కడ తిండికీ ఫోన్‌కీ 6 వేలు, ఇక్కడ ఇంటికి 10 వేలు. మిగిలిన 10 వేలు అప్పుకి కడితే తీరడానికి 14 నెలలు. రెండేళ్ల కాంట్రాక్టులో మిగిలేది 10 నెలలు, అంటే లక్ష. ఇక్కడే ఉంటే పాల మీద రెండేళ్లకి 96 వేలు. స్క్రీన్ చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.

ఇంకో విషయం నాకూ అప్పుడే తెలిసింది. మన దేశంలో విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 మించకూడదు. ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల లిస్టు ఉంటుంది. బావ చెప్పిన పేరు అందులో వెతికాను. లేదు. 35,400తో పోతే ఎంతని మళ్లీ లెక్క వేశాను. అప్పు నాలుగు నెలల్లో తీరిపోతుంది, రెండు లక్షలు మిగులుతాయి. అంటే పోవాలా వద్దా అన్నది ఒక్కటే కాదు, ఎవరి ద్వారా పోవాలన్నది కూడా ప్రశ్నే.

బావ చాలాసేపు టీకాల కార్డు తిప్పుతూ కూర్చున్నాడు. మొదటి పేజీలో తేదీలన్నీ ఆయన గల్ఫ్‌లో ఉన్నప్పటివి. పాప పుట్టిన ఏడు నెలలకి గాని ఎత్తుకోలేదు. "గిది లెక్కల రాలే గదా" అన్నాడు. రాలేదు. దానికి ఏ కాలమ్ పెట్టాలో నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఏమీ తేలలేదు. ఏజెంటుకి మాత్రం పైసలు ఇవ్వలేదు. యాసంగి వరి కోతయ్యాక, పాల చీటీలు ఇంకో నాలుగు నెలలవి చూసి మాట్లాడుకుందాం అనుకున్నారు.

క్రిస్టియన్స్ కాకపోయినా ఈ పని మీ ఇంట్లోనూ చేయొచ్చు. ఉగాదికైనా, సంక్రాంతికైనా. ముందు ఏడాది ఎలా గడిచిందో అందరూ ఒక్క మాటలో చెప్పండి. తర్వాత జనవరి నుంచి కాగితాలూ ఫోటోలూ తీయండి. చివర ఆ రెంటికీ ఎంత తేడా ఉందో చూడండి. డబ్బు నిర్ణయం ఉంటే వడ్డీని నెలకి కాదు, ఏడాదికి లెక్కేయండి. అమ్మానాన్నలకి ఈమైగ్రేట్ లాంటి సైట్లు తెలియకపోవచ్చు. ఇంగ్లీష్ మీడియంలో చదివినందుకు మనం చేయగలిగే చిన్న సాయం అదే.

31 రాత్రి చర్చిలో బావ లేచాడు. జూన్ గురించి, బర్రె గురించి, పాప నడక గురించి చెప్పాడు. వడ్ల సంగతి కూడా చెప్పాడు, కానీ చివర్లో కాదు, మధ్యలో.