ఇంటిల్లిపాదీ ప్రయాణం: గండికోట లోయ అంచున కొన్ని సున్నత్ పాఠాలు

ఇటీవలి కాలంలో మా రామన్నపేట ప్రాంతపు యువకులలో దూర ప్రయాణాల పట్ల ఆసక్తి పెరిగింది. నలుగురు మిత్రులు కలిసి కారు మాట్లాడుకుని, గుడారం, చాపలు సర్దుకుని బయలుదేరుతారు. అటువంటి గమ్యాలలో గండికోట ఒకటి. తిరిగి వచ్చిన తరువాత వారు చూపే ఫోటోలను తల్లి, భార్య, చెల్లెళ్లు వంటింటి గడపలో నిలబడి చూస్తారు. “మమ్మల్ని కూడా తీసుకువెళ్లవచ్చు కదా” అని ఎవరైనా అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: “అక్కడ నీళ్లుండవు, పరదా ఉండదు, నమాజు కుదరదు. ఆడవాళ్లతో కష్టం.”

ఈ సమాధానం ధర్మబద్ధమైనదేనా? మన ధర్మం ప్రయాణానికి నేర్పిన మర్యాదలను పరిశీలిస్తే, ఇది ధర్మం పేరు చెప్పి శ్రమను తప్పించుకోవడమేనని తెలుస్తుంది.

ముందుగా ఆ ప్రదేశం గురించి కొంత తెలుసుకుందాం. కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసివేసిన చోట గండికోట ఉన్నది. కొండను చీల్చిన ఆ ‘గండి’ వలననే కోటకు ఆ పేరు వచ్చింది. ఎర్రని రాతి పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ లోయ సుమారు 300 అడుగుల లోతు ఉంటుంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ప్రసిద్ధి పొందిన ఆ కోటను 17వ శతాబ్దపు మధ్యకాలంలో గోల్కొండ కుతుబ్‌షాహీల పక్షాన మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అతడిని అక్కడే కలుసుకున్నాడు. జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం ఈనాటికీ నిలిచి ఉన్నాయి. వాటిని కట్టించినవారు లేరు. భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని దివ్య ఖుర్ఆన్ 29వ సూరా అన్కబూత్‌లో చెప్పిన మాట పురుషులకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఇక ‘నీళ్లుండవు’ అనే అభ్యంతరం చూద్దాం. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది. ఒక ప్రయాణంలో ఆమె హారం తెగి ఎక్కడో పడిపోయింది. దానిని వెదకడానికి మహాప్రవక్త ముహమ్మద్ (స) ఆగారు. ఆయనతో పాటు బిడారమంతా ఆగింది. అక్కడ నీరు లేదు, జనుల వద్దనూ నీరు లేదు. కొందరు వెళ్లి హజ్రత్ అబూబక్ర్ (రజి)తో మొర పెట్టుకోగా, ఆయన వచ్చి కుమార్తెను మందలించారు. తెల్లవారింది, వుజూకు నీరు లేదు. అప్పుడే తయమ్ముమ్ ఆయతు అవతరించింది. తరువాత ఒంటెను లేపగా హారం దాని కిందనే దొరికింది.

సోదరులారా, ఒక్క విషయం ఆలోచించండి. ఒక స్త్రీ పోగొట్టుకున్న వస్తువు కోసం బిడారమంతా నీరు లేని చోట రాత్రి గడిపింది. ఆమె వెంట రావడం వలననే ఇబ్బంది కలిగిందని దైవప్రవక్త (స) అనలేదు. ఆ రాత్రి ఫలితంగా ప్రళయం వరకు వచ్చే ముస్లిములందరికీ సౌలభ్యం లభించింది. ‘ఆడవాళ్లతో కష్టం’ అనేవారు ఈ హదీసును మరొకసారి చదువుకోవాలి.

గండికోటకు ఈ ఆదేశం ఎలా వర్తిస్తుంది? లోయ అడుగున నీరు కళ్లకు కనిపిస్తుంది, కానీ అక్కడికి దిగడం ప్రాణాపాయం. బావిలో నీరున్నా చేద, తాడు లేనివాడు తయమ్ముమ్ చేయవచ్చునని హనఫీ ఫుఖహాలు తెలిపారు. చేతికందని నీరు లేని నీటితో సమానమే. వెంట ఉన్న కొద్ది నీరు పిల్లల దాహానికి అవసరమైనప్పుడు కూడా తయమ్ముమ్ అనుమతమే. అయితే విడిది వద్ద సరిపడా నీరు ఉంటే వుజూ తప్పనిసరి. కనుక రెండు డబ్బాల నీరు అదనంగా కారులో పెట్టుకోవడం ఉత్తమం.

రామన్నపేట నుండి చిట్యాల, హైదరాబాద్, కర్నూలు, బనగానపల్లె మీదుగా గండికోటకు 400 కిలోమీటర్లకు పైనే. హనఫీ మజ్‌హబ్ ప్రకారం 48 మైళ్లు, అనగా సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణానికి ఊరి పొలిమేర దాటినది మొదలు ఖస్ర్ వర్తిస్తుంది. జుహ్ర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. దారిలో స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగు రకాతులూ పూర్తి చేయాలి. అక్కడి నుండి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరం వైపు ఉంటుంది.

కోట పరిసరాలలో గతుకుల రాతి బాటలున్నాయి. అక్కడ బండిని దూకించి సాహసం ప్రదర్శించడం యువకులకు సరదా. స్త్రీలు కూర్చున్న ఒంటెలను వేగంగా తోలుతున్న అన్జషాను దైవప్రవక్త (స) వారించి, గాజు పాత్రలను మోస్తున్నట్లు మెల్లగా నడిపించమన్నారు. వెనుక సీటులో నడుము నొప్పితో బాధపడే నానీ, గర్భవతి అయిన కోడలు ఉన్నప్పుడు స్టీరింగు పట్టినవాడికి ఇదే ఆదేశం.

విడిది విషయంలో కూడా స్పష్టమైన మర్యాదలున్నాయి. రాత్రివేళ దారిపై విడిది చేయవద్దు, అది జంతువులు, పురుగులు తిరిగే చోటు అని సహీహ్ ముస్లింలో ఉన్నది. సహాబాలు విడిది చేసినప్పుడు లోయలలో, కనుమలలో చెల్లాచెదురుగా దిగేవారు. అలా విడిపోవడం షైతాను పని అని ప్రవక్త (స) హెచ్చరించగా, ఆనాటి నుండి ఒకే వస్త్రం కప్పితే అందరికీ సరిపోయేటంత దగ్గరగా ఉండేవారని అబూదావూద్ సంకలనంలో ఉన్నది. గండికోటలో లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. ఫోటో కోసం ఒకడు ఒక బండ మీదకు, మరొకడు మరొక బండ మీదకు పోయే కుటుంబానికి ఈ హదీసు ప్రాణరక్షణే. గుడారం అంచుకు దూరంగా వేయండి. చీకటి పడిన తరువాత పిల్లలను చేయి వదలవద్దు. నిద్రించే ముందు నిప్పు ఆర్పివేయమన్నది కూడా ప్రవక్త (స) ఆదేశమే.

పరదా మాటకొస్తే, ఆ బాధ్యత ముందుగా పురుషులదే. కాలకృత్యాలకు ప్రవక్త (స) జనానికి కనిపించనంత దూరం వెళ్లేవారు. మరుగుదొడ్డి ఉన్న విడిదిని ముందే విచారించి కుదుర్చుకోవడం, లేనిచోట మరుగుకు చిన్న గుడారం వేయడం మగవారి పని. నీటి వనరుల వద్ద, దారిలో, నీడలో మలవిసర్జన శాపానికి కారణమని కూడా హదీసు ఉన్నది.

చివరగా వంట. ఇంటిలో పొయ్యి వదలని అమ్మీని తీసుకువెళ్లి అక్కడా పొయ్యి ముందే కూర్చోబెడితే ఆమెకు దక్కినది ప్రయాణం కాదు, స్థలం మారిన చాకిరీ. ప్రవక్త (స) ఇంటి పనులలో ఇల్లాలికి తోడ్పడేవారని ఆయిషా (రజి) చెప్పారు. ప్రయాణంలో ఆమెతో పరుగు పందెం కూడా వేశారు. కొడుకులు బియ్యం కడిగి, అబ్బా గిన్నెలు తోమితే, ఆ తల్లి కూడా లోయ అంచుకు దూరంగా చాప పరచుకుని సూర్యోదయాన్ని చూస్తూ తస్బీహ్ చదువుకోగలదు.

శీతాకాలం ఈ ప్రయాణానికి అనువైన కాలం. వేసవిలో అక్కడి ఎండను పిల్లలు, వృద్ధులు తట్టుకోలేరు. బయలుదేరే ముందు హదీసు బోధించినట్లు ఒకరిని అమీరుగా ఎన్నుకోండి. ఆ అమీరు మొట్టమొదట అడగవలసినది ఇంటిలోని స్త్రీలనే: “మీకు ఏమేమి అవసరం?”