జవాబు సరే, ఆధారం ఏదీ?

ఇక్కడి బళ్ళలో పిల్లలకి ఒక పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు వేస్తారు. జవాబు ఒక్కటే రాస్తే చాలదు, ఏ వాక్యాన్ని బట్టి అలా రాశారో చూపించాలి. కంప్యూటర్‌కి చదవడం వచ్చిందా అని తేల్చడానికి మన వాళ్ళు పెట్టే పరీక్ష కూడా దాదాపు ఇదే.

2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు "స్క్వాడ్" అనే ప్రశ్నల సంకలనం విడుదల చేశారు. వికీపీడియా పేరాల మీద లక్షకి పైగా ప్రశ్నలు. ప్రతి జవాబూ పేరాలోంచి ఉన్నదున్నట్టు తీసిన ముక్కే. 2018 జనవరికల్లా అలీబాబా, మైక్రోసాఫ్ట్‌ల ప్రోగ్రాములు ఇందులో ఒక కొలత ప్రకారం మనుషుల్ని దాటేశాయి.

నన్ను ఎక్కువగా ఆకర్షించింది మాత్రం 2017లో జియా, లియాంగ్ చేసిన ప్రయోగం. ప్రశ్నని పోలిన, జవాబుతో సంబంధం లేని వాక్యం ఒకటి పేరా చివర తగిలించారు. 16 ప్రోగ్రాముల సగటు మార్కులు 75 నుంచి 36 శాతానికి పడిపోయాయి! అంటే, ప్రశ్నలోని మాటలు ఎక్కడ కనిపిస్తే అవి అక్కడే వేలు పెడుతున్నాయన్నమాట. 2018లో వచ్చిన రెండో స్క్వాడ్‌లో, పేరాలో జవాబే లేని ప్రశ్నలు 50,000కి పైగా కలిపారు.

జవాబు లేదని చెప్పడం ఎందుకంత కష్టం? ఈ పేరా చూడండి: "నాగార్జునసాగర్‌కి 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు." శంకుస్థాపన ఏ నెలలో జరిగింది? తెలిసినవాళ్ళు "డిసెంబరు" అంటారు. నిజమే, కానీ పేరాలో ఆ మాట లేదు. తెలిసింది చెప్పడం వేరు, చదివింది చెప్పడం వేరు.

2020లో గూగుల్ విడుదల చేసిన "టైడీ క్యూఏ"లోని 11 భాషల్లో తెలుగూ ఒకటి. జవాబు తెలియనివాళ్ళ చేతే, అనువాదం కాకుండా నేరుగా ఆయా భాషల్లో ప్రశ్నలు రాయించారు. వ్యాసంలో జవాబు దొరక్కపోతే లేదనే గుర్తించారు.

మీలో చాలామంది ఇప్పుడు ఆఫీసు కాగితాలు చదివి జవాబులిచ్చే ప్రోగ్రాములు తయారు చేస్తూ ఉంటారు. బీమా పత్రంలో లేని షరతుని ప్రోగ్రాము ఉందని చెబితే నష్టపోయేది మనిషి. అందుకని నేను మూడు పరీక్షలు పెడతాను. ఆధారమైన వాక్యం చూపించమంటాను. ఆ వాక్యం తీసేసి మళ్ళీ అడుగుతాను. కాగితంలో లేనిదాన్ని ఉన్నట్టే అడుగుతాను. రెండోసారీ అదే జవాబు ధీమాగా వచ్చిందంటే, మొదటిసారి కూడా అది చదివి చెప్పిందని నమ్మలేం.